పెట్టింది నేనే

తప్పుల మాస్టారికి ఉన్న అలవాటు ఒక్కటే. ఎవరు ఏ యంత్రం చేసి పరీక్షకు తెచ్చినా, వాళ్ళ కళ్ళుగప్పి అందులో ఒక తప్పు పెట్టేవారు. ఒక తీగ ఊడదీసేవారు, లేదా ఒక అంకె మార్చేవారు, ఏమీ తోచకపోతే ఒక స్క్రూ వదులు చేసి ఊరుకునేవారు. చేసినవాళ్ళు ఆ తప్పును పట్టుకోలేకపోతే ఒంటికాలి మీద లేచేవారు. పట్టుకుంటే, ఇంత ఆలస్యంగానా అని రెండో కాలి మీద లేచేవారు. మొత్తానికి ఆయన రెండు కాళ్ళ మీద కుదురుగా నిలబడగా చూసినవాళ్ళు ఆ పరిశోధనశాలలో ఎవరూ లేరు.

అక్కడ చేసేవన్నీ చిన్నచిన్న యంత్రాలు. అగ్గిపెట్టెంత కంప్యూటరు, దానికి కళ్ళూ చెవులూ అనదగ్గ సెన్సర్లు, దాన్ని నడిపించే ప్రోగ్రాము. వీటిని తీసుకెళ్ళి దేంట్లోనో ఒకదాంట్లో దాచిపెడతారు. గ్యాసు పొయ్యి వెనక దాచితే గ్యాసు కారుతోందని చెబుతుంది. నీళ్ళ టాంకులో దాచితే నిండిందని చెబుతుంది. చెప్పవలసినప్పుడు చెప్పకపోతే కొంప మునుగుతుంది కాబట్టి, బయటికి పంపేముందు ప్రతిదాన్నీ పరీక్షించే పని మాస్టారికి అప్పజెప్పారు. మెట్ల కింద కిటికీ లేని గది ఒకటి ఇచ్చారు. ఆయన అరుపులు బయటికి వినపడకూడదని ఇచ్చారంటారు కాని, మూడో అంతస్తు దాకా వినపడేవి.

మనుషుల పేర్లు ఆయనకు పట్టవు. ఎవరు ఏ యంత్రం చేస్తే అదే వాళ్ళ పేరు. నీళ్ళ టాంకు మీద పరిశోధన చేసేవాడు టాంకు. గ్యాసు మీద పనిచేసి ఎప్పుడో ఉద్యోగం మారిపోయినతను ఇప్పటికీ గ్యాసే. అతగాడు అభిమానం కొద్దీ పెళ్ళికి పిలిస్తే మాస్టారు వెళ్ళి, నిండు వేదిక మీద, కొత్త పెళ్ళికూతురు వింటుండగా, "ఏరా గ్యాసూ, ఇప్పుడైనా తగ్గావా?" అని పలకరించి వచ్చారు. ఆ పిల్ల నెల్లాళ్ళ పాటు మొగుణ్ణి డాక్టరుకి చూపించుకోమని పోరిందట.

ఇక మన కథలోని అమ్మాయి ఆస్పత్రి మంచం మీద పనిచేసేది. కన్నవాళ్ళు పదిమందినీ అడిగి, ఎంతో ఆలోచించి పెట్టుకున్న పేరు ఆమెకూ ఒకటుంది. పరిశోధనశాలలో అడుగుపెట్టిన పూటే అది ఊడిపోయింది.

"సార్, నా పేరు..."

"పేరు తర్వాత. పనిచేస్తోందా నీ మంచం?"

"చేస్తోంది సార్."

"మొదటిసారే చేసిందా?"

"అవును సార్," అంది మెచ్చుకుంటారనుకుని.

"అయితే దాన్ని నేను నమ్మను. పో మంచం, రేపు రా."

ఆ రోజు నుంచీ ఆమె మంచం. ఆ పిలుపు విన్నప్పుడల్లా పళ్ళు నూరుకునేది. చిన్నప్పటి నుంచీ క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల. బెంచీ అన్నా ఇంత బాధపడేది కాదు.

ఆమె చేస్తున్నది ఏమిటంటే, పరుపు కింద పరిచే ఒక పల్చటి పట్టీ. పైన మనిషి బరువుందో లేదో ఆ పట్టీ కనిపెడుతుంది. ఒంటరిగా లేవకూడని రోగి మంచం దిగితే నర్సుల బల్ల దగ్గర గంట మోగుతుంది. ఆస్పత్రిలో ముసలివాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరికీ చెప్పకుండా లేవడం, పడటం, తుంటి విరగ్గొట్టుకోవడం జరుగుతూనే ఉంది. పెద్ద నర్సు ఒకరోజు డైరెక్టరు గారి గదికి వచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా, "మీ పరిశోధన ఎప్పటికవుతుందో నాకక్కర్లేదండి. మావాళ్ళు పడకూడదు, అంతే," అని చెప్పి వెళ్ళింది. డైరెక్టరు గారు ఆ వేడి తనదగ్గర ఉంచుకోలేక మంచాన్ని పిలిచి, సమీక్ష రోజున ఇది పనిచేయకపోతే బయట కంపెనీ సరుకు కొనేస్తామనీ, ఆమె పరిశోధన సీటు కూడా ఉండదనీ చెప్పేశారు. ఇంత భారం నెత్తినున్న పిల్ల యంత్రంలో పనిగట్టుకుని తప్పులు పెట్టే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

మొదటి పరీక్ష రోజున ఆమె కంప్యూటరు తెర మాస్టారి వైపు తిప్పింది. రాసుకున్న పరీక్షలన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగి, తెర నిండా పచ్చరంగు పరుచుకుంది. ఎరుపన్నది మచ్చుకైనా లేదు. ఆమె ముఖం వెలిగింది. మాస్టారి ముఖం మాత్రం కందగడ్డ అయింది.

"మంచం మీద ఇప్పుడెవరైనా ఉన్నారా?"

"ఉన్నారనే చూపిస్తోంది సార్. పెద్దమనిషి బరువు."

"ఎవరమ్మా ఆ పెద్దమనిషి?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మంచం ఖాళీ.

"పట్టీ సరిగ్గా అతుక్కోలేదేమో సార్."

"అతుక్కోవడానికి పట్టీ ఎక్కడుంది?"

పరుపెత్తి చూసింది. పట్టీ లేదు. మాస్టారు ప్యాంటు జేబులోంచి, చేతిరుమాలు తీసినంత తీరుబడిగా, చుట్టచుట్టిన పట్టీని లాగి బల్ల మీద కొట్టారు.

"పొద్దున్నుంచీ నా జేబులో ఉంది. సెన్సరు లేకుండానే నీ పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వాడే రాశాడా నీ ప్రోగ్రాము?"

సంగతేమిటంటే, పట్టీ నుంచి కబురు రాకపోతే చివరిసారి వచ్చిన కబురునే పట్టుకుని కూర్చోమని ఆమె ప్రోగ్రాముకి నేర్పింది. చివరిసారి ఆ పట్టీ మీద ఉన్నది టాంకు. ముందురోజు సాయంత్రం పరీక్ష కోసం పడుకోబెట్టారు, అతను లేవకముందే మాస్టారు చాటుగా పట్టీ తీగ పీకేశారు. ఆ తర్వాత టాంకు లేచి, ఇంటికెళ్ళి, భోంచేసి, నిద్రపోయి, తెల్లారి స్నానం చేసి, మళ్ళీ పనికొచ్చి టీ కూడా తాగాడు. ప్రోగ్రాము దృష్టిలో మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాడు.

"ఆస్పత్రిలో తీగ ఊడదా? ఎలక కొరకదా? రోగి కిందపడి మూలుగుతుంటే నీ యంత్రం హాయిగా పడుకున్నాడని చెబుతుందా?" అని మాస్టారు అరిచిన అరుపుకి పైన ఎవరో కిటికీ మూసుకున్నారు.

ఆ మాట నిజమే. అందుకే మంచానికి ఇంకా ఒళ్ళు మండింది. తప్పు చేసినందుకు తిడితే మనిషి పడతాడు కాని, జేబులో పెట్టుకుని తిరిగి, పచ్చరంగు చూసి మురిసేదాకా ఆగి తిడితే ఎలా పడతాడు? ఆ పూట ఆమె అన్నం ముందు కూర్చుని అన్నాన్నే తిట్టింది.

తర్వాత మొదలయ్యాయి వరుసగా. ఒకరోజు గంట నోటికి టేపు అంటించి ఉంది. ఇంకోరోజు పరుపు మీద దుప్పటి కప్పుకుని ఎవరో పడుకున్నారనుకుని ఆమె మెల్లగా నడిచి, మెల్లగా మాట్లాడి, చివరికి దుప్పటి తీస్తే ఇనుప గుండ్లు రెండు బస్తాలున్నాయి. "గుండ్లకి గురక రాదమ్మా. కదలకపోతే మనిషా వస్తువా అని అడగదా నీ ప్రోగ్రాము?" అన్నారు మాస్టారు. అడిగేలా రాసింది. రాసినప్పుడల్లా ఆమె యంత్రానికి బుద్ధి కాస్త పెరిగింది, మాస్టారి మీద కోపం ఇంకాస్త పెరిగింది.

ఇక లాభం లేదనుకుని ఒక సెలవు రోజున ఏకంగా మాస్టారి ఇంటికే వెళ్ళింది, ఆయన భార్యకు ఫిర్యాదు చేద్దామని. మాస్టారు ఇంట్లో లేరు. ఆవిడ తలుపు తీసి, ముఖం చూసి, "పరిశోధనశాల నుంచా? లోపలికి రా అమ్మా, ముందు ఏడుస్తావా, టీ తాగుతావా?" అంది.

"ఏడవడానికి రాలేదండి. తిట్టడానికి వచ్చాను."

"అయితే టీ కలుపుతాను. తిట్టేవాళ్ళకి గొంతు ఆరిపోతుంది."

మంచం తన గోడంతా వెళ్ళబోసుకుంది. ఆవిడ అంతా విని, చక్కెర వేసి కలుపుతూ, "మీరంతా నయం. జీతం తీసుకుని పడుతున్నారు. నేను ఊరికే పడుతున్నాను," అంది. గోడ మీద గడియారం చూపించింది. ఆ మధ్య మాస్టారు దాంట్లో అయిపోయిన బ్యాటరీ పెట్టి, ఎవరు కనిపెడతారా అని చూశారట. ఎన్ని రోజులైనా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. చివరికి ఆయనే ఉండబట్టలేక, ఈ ఇంట్లో మనుషులకు కళ్ళు లేవా అని లేచారట.

"మీరేమన్నారండి?"

"మీరు మొదటిసారి అరిస్తే ఎనిమిది, రెండోసారి అరిస్తే తొమ్మిది, మాకు గడియారం ఎందుకండీ అన్నాను."

మంచానికి నవ్వొచ్చింది. తిట్టడానికి వచ్చి నవ్వినందుకు తనమీద తనకే కోపమొచ్చి, టీ సగంలో వదిలేసి లేచింది.

ఆ పరిశోధనశాలలో ఏ తప్పు దొరికినా నేరం మాస్టారిదేనన్నది ఎప్పటినుంచో ఖాయమైపోయిన విషయం. టాంకు చేసిన యంత్రం ఒకసారి నీళ్ళు నిండినా చెప్పక, పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా జలపాతం దూకింది. డైరెక్టరు గారి చెప్పులు వాటంతటవే గది దాటి బయటికొచ్చాయి. టాంకు ఒక స్తంభం చాటుకి జరుగుతుంటే మాస్టారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "పెట్టింది నేనే. తేలే బంతిని తలకిందులు చేశాను. ఒక్కడైనా చూశాడా?" అని అందర్నీ తిట్టారు. అందరూ బకెట్లు మోస్తూ ఆయన్ని తిట్టారు. అందరికన్నా ఎక్కువ తిట్టినవాడు టాంకు. ఆ తిట్లు ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకు నేర్పుతారు.

సమీక్షకు ముందురోజు పెద్ద నర్సు వచ్చి పట్టీ పరిచిన మంచం ఎలా పనిచేస్తోందో ఒకసారి చూసుకుంది. తానే పడుకుంది. పక్కకి ఒత్తిగిల్లింది. గంట మోగింది. మళ్ళీ ఒత్తిగిల్లింది. మళ్ళీ మోగింది.

"ఒత్తిగిల్లినప్పుడల్లా ఇలా మోగితే మా పిల్లలు రెండో రోజునే దీన్ని పీకి అవతల పారేస్తారు. నేనూ ఏమీ అనను," అని చెప్పి వెళ్ళిపోయింది.

సమీక్ష రోజున ప్రోగ్రాము ముట్టుకోకూడదన్నది ఆ పరిశోధనశాలలో అందరికీ తెలిసిన కట్టుబాటు. మంచానికీ తెలుసు. అయినా మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, తాళం తీసుకుని లోపలికి వెళ్ళింది. బరువు తగ్గగానే గంట కొట్టకుండా రెండు సెకన్లు ఆగి కొట్టేలా ఒకే ఒక్క అంకె మార్చింది. పరీక్షలన్నీ నడిపింది. తెర పచ్చబడింది. మాస్టారు వచ్చి ఏదైనా పెడతారన్న భయంతో యంత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, ఈసారి ఎలా పెడతారో చూస్తానని కసిగా అనుకుంది.

సమీక్షకు డైరెక్టరు గారు, పెద్ద నర్సు, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చారు. మాస్టారు చివర కూర్చున్నారు, ఎప్పటిలా చిరాగ్గా. డైరెక్టరు గారు రోగి పాత్ర తానే వేస్తానని ముచ్చటపడి, బూట్లు విప్పి మంచమెక్కారు. పడుకున్నారు. ఒత్తిగిల్లారు. గంట మోగలేదు. పెద్ద నర్సు తల ఊపింది. మంచం ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు లేస్తున్నాను," అని చెప్పి డైరెక్టరు గారు లేచారు.

గంట మోగలేదు.

ఆయన రెండడుగులు వేశారు. చేతులు ఊపారు. రోగి నడకలో ఏదైనా లోపముందేమోనని కాస్త కుంటుతూ కూడా నడిచారు. మోగలేదు. చివరికి కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, "ఏమిటమ్మా ఇది?" అన్నారు. మంచం గబగబా పరుపెత్తింది. తీగలు చూసింది, పట్టీ చూసింది, అన్నీ ఉన్నాయి. డైరెక్టరు గారు పరిశోధన అంటే ఏమిటో, బాధ్యత అంటే ఏమిటో, తన కాలంలో తామెలా పనిచేశారో మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే టీలు వచ్చి, చల్లారి, ఖాళీ కప్పులు కూడా వెళ్ళిపోతాయి. అలాగే వెళ్ళాయి. ఆఖరికి ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి, "ఇక చాలు. బయట కంపెనీని పిలుద్దాం. ఈ అమ్మాయి సీటు సంగతి..." అన్నారు.

"పెట్టింది నేనే," అన్నారు మాస్టారు లేచి.

"ఏం పెట్టారు?"

"తప్పు. ఇంకేం పెడతాను నేను?"

"సమీక్ష రోజునా?"

"సమీక్ష రోజున తప్పులు సెలవు పెడతాయా?"

డైరెక్టరు గారి మెడ నరాలు లేచాయి. "ఏం పెట్టారో చెప్పండి, తీసేసి ముందుకు పోదాం."

"చెప్పేస్తే వీళ్ళు పట్టుకునేదేముంది? మూడు వారాలివ్వండి. పట్టుకోకపోతే అప్పుడు పంపించెయ్యండి. తప్పు పెట్టినవాడు ఇక్కడుంటే, వెతకాల్సిన పిల్లని ముందే పంపిస్తారా?"

"మీకు బుద్ధుందా అసలు? కొత్త టెస్టింగ్ విభాగం మీకిద్దామనుకున్నాను. పైన కిటికీ గది కూడా ఖాళీ చేయించాను. ఇక ఆ మెట్ల కిందే ఉండండి."

"ఉంటాను. చల్లగా ఉంటుంది."

మంచానికి తల నుంచి కాలిదాకా మంట రేగింది. ఈ మనిషి తన బతుకుతో ఆడుకున్నాడు. తాళం వేసినా పెట్టాడు, ఏ దొడ్డిదారిన పెట్టాడో పెట్టాడు. ఇంతమంది పెద్దల ముందైనా సరే, ఇవాళ అడిగి కడిగెయ్యాలని ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది.

అప్పుడు గంట మోగింది.

గది గదంతా ఉలిక్కిపడింది. డైరెక్టరు గారు, "ఏమిటది?" అన్నారు.

పెద్ద నర్సు ఖాళీ మంచం వైపు చూసి, గోడ గడియారం చూసి, "మీరు మంచం దిగారటండి," అంది.

మంచం నోరు అలాగే ఉండిపోయింది. డైరెక్టరు గారు మంచం దిగి అరగంట దాటింది. రెండు సెకన్లు ఆగమని చెప్పబోయి, ఆ ప్రోగ్రాములో కాలం సెకన్లలో కొలుస్తున్నానన్న మాట మరిచి, సెకనులో వెయ్యోవంతుల లెక్కన రెండు వేలని కొట్టింది తాను. యంత్రం బుద్ధిగా రెండు వేల సెకన్లు ఆగి మరీ కొట్టింది. గంట మోగుతుందా లేదా అని అడిగే పరీక్షలు ఎన్నో రాసుకుంది కాని, ఎంతసేపటికి అని అడిగే పరీక్ష ఒక్కటీ రాయలేదు. తప్పు పొద్దున పెట్టింది తన చెయ్యే. మాస్టారికి ఆ తప్పేమిటో ఈ క్షణం దాకా తెలిసే దారే లేదు.

ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. టీ చల్లగా ఉందని ఎవర్నో తిడుతున్నారు. తేలుకుట్టిన దొంగలా ఆమె మళ్ళీ కూర్చుండిపోయింది.

సమీక్ష ముగిశాక సోల్డరు అక్క దగ్గరికి వెళ్ళింది. పరిశోధనశాలలో బోర్డులకు టంకం పెట్టే ఆవిడ, అందరికీ అక్క. జరిగిందంతా చెప్పి, "ఆయన ఎందుకలా అన్నారక్కా?" అంది.

అక్క చేతిలో పని ఆపలేదు. "నీక్కూడా ఒకటి ఇచ్చారన్నమాట," అంది.

"ఏమిటి ఇచ్చేది?"

"అప్పుడొకసారి మంటల అలారం బోర్డులో నేను ఒక ముక్కని తిరగేసి అంటించాను. పొగ లేచి సగం బల్ల కాలింది. నేనే పెట్టానన్నారు ఆయన. టాంకు వరద గుర్తుందా? బంతిని ఆయనెప్పుడు తలకిందులు చేశారు? ఆయన ఆ రోజు సెలవులో ఉండి, నీళ్ళ సంగతి విని ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చారు."

"మరి టాంకుకి తెలుసా?"

"అందరికన్నా ఎక్కువ ఎందుకు తిట్టాడనుకున్నావు? నిజంగా పెట్టేవి పదింట్లో ఒకటో రెండో. తక్కినవి మావే. ఇక్కడ తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు, చూశావా? పై గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి రావడం ఆయనకి ఇది మొదటిసారీ కాదు."

మంచానికి ఇంతకుముందు లేనంత కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక మనిషిని కడుపారా తిట్టుకుని, అందులో ఒక్క తిట్టూ చెల్లదని తెలిస్తే ఆ తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? ఆ కోపంతోనే గబగబా మెట్ల కింద గదికి వెళ్ళింది.

"సార్, ఆ తప్పు నాది. పొద్దున నేనే అంకె మార్చాను. డైరెక్టరు గారికి చెప్పేస్తాను."

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని ఒంటికాలి మీద లేచారు. "నా తప్పు నీదంటావా? పెట్టిన తప్పుని పట్టుకోమన్నాను కాని, పట్టుకుపొమ్మన్నానా?"

"మీరు పెట్టలేదు సార్. తాళంచెవి నా దగ్గరుంది."

"ఎవరిదని తేల్చడం పోలీసుల పని. ఎక్కడుందని తేల్చడం మన పని. ఎక్కడుందో తెలిసిందా?"

"తెలిసింది."

"దాన్ని పట్టే పరీక్ష రాశావా?"

"ఇంకా లేదు సార్."

"మరి ఇక్కడ నిలబడి నా ప్రాణం తీస్తావేం?" ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించారు. ఆమె కదలకపోయేసరికి గొంతు కాస్త తగ్గించి, అప్పటికీ విసుగ్గానే, "చూడమ్మా, భయపడ్డవాడు తప్పుని దాచుకుంటాడు. నా మీద మండిపడేవాడు దాన్ని వెతికి తెచ్చి నా ముఖాన కొడతాడు. నాక్కావలసింది ఆ రెండోవాడు. డైరెక్టరు దగ్గర నోరు జారావంటే, తక్కినవాళ్ళ సంగతులన్నీ కూడా బయటికొస్తాయి. వాళ్ళ మీద నీకేం కోపం?" అన్నారు.

వాళ్ళ మీద ఆమెకేం కోపం లేదు. వెళ్ళి పరీక్ష రాసింది. ఎంతసేపటికి అని అడిగే పరీక్షలు ఒకటి కాదు, డజను రాసింది. మూడు వారాల తర్వాత డైరెక్టరు గారు మళ్ళీ మంచమెక్కి దిగారు. ఆయన రెండో కాలు నేలకు తగిలిన కాసేపటికే గంట మోగింది. పెద్ద నర్సు అప్పుడు మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

వార్డులో పట్టీలు బిగించే రోజున నలుగురూ వెళ్ళారు, మాస్టారు, అక్క, టాంకు, మంచం. డైరెక్టరు గారు కూడా చూడటానికి వచ్చారు. మాస్టారు ఎవర్నీ నమ్మరు కాబట్టి, మంచాల నుంచి వచ్చే తీగలన్నీ నర్సుల బల్ల కింద పెట్టెలో కలిపే పని తానే తీసుకున్నారు. "ఎవరైనా ముట్టుకున్నారో, చేతులు విరుస్తాను," అని బల్ల కిందికి దూరారు. తక్కిన ముగ్గురూ హాలు అవతలి చివర పట్టీలు పరిచారు.

బిగింపు అయ్యాక నాలుగో మంచం మీద ఒక నర్సు పడుకుని లేచింది. గంట మోగింది. బల్ల మీద అయిదో నంబరు దీపం వెలిగింది. ఇద్దరు నర్సులు అయిదో మంచానికి పరిగెత్తి, నిద్రపోతున్న పెద్దాయన్ని పట్టుకుని లేపేశారు. "నిద్రమాత్ర మింగించింది మీరే, లేపేదీ మీరేనా?" అని ఆయన గోల పెట్టాడు. అయిదో మంచం తీగ నాలుగులోనూ, నాలుగుది అయిదులోనూ పడింది. రేపు నాలుగో మంచం మనిషి కిందపడితే నర్సులు అయిదో మంచం వైపు పరిగెడతారు.

"ఎవరి పని ఇది?" అన్నారు డైరెక్టరు గారు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన గొంతు అది.

మాస్టారు బల్ల కిందినుంచి బయటికొచ్చారు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టుంది ముఖం. "నేనే," అన్నారు. ఎప్పటి అరుపు కాదు. "ఈసారి పెట్టలేదండి. నిజంగానే..."

"నేనే సార్ పెట్టింది," అన్నాడు టాంకు హాలు అవతలినుంచి.

"నేను పెట్టానండి," అంది అక్క.

"పెట్టింది నేనే," అంది మంచం.

డైరెక్టరు గారు ముగ్గురి వైపూ చూశారు. "ఉన్నది ఒక్క జత తీగలు. ముగ్గురు ఎలా తారుమారు చేస్తారు?"

"ఎందుకు చెయ్యకూడదండి?" అంది మంచం. " ఒకరు మారిస్తే తప్పవుతుంది. రెండోవాళ్ళు మారిస్తే మళ్ళీ సరైపోతుంది. మూడోవాళ్ళు మారిస్తే మళ్ళీ తప్పు. ఇప్పుడు తప్పుగా ఉంది కదా. ముగ్గురం మార్చాం."

"అబద్ధం," అన్నారు మాస్టారు. "మార్చింది నేను."

"మీరూ మార్చి ఉంటే నాలుగుసార్లవుతుంది సార్. నాలుగుసార్లు మారిస్తే తీగలు సరిగ్గా ఉండాలి. సరిగ్గా లేవు. కాబట్టి మీరు మార్చలేదు."

మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ మొదటినుంచి. చెవులు ఎర్రబడ్డాయి. ముగ్గుర్నీ మార్చిమార్చి చూశారు. వాళ్ళు ఆయన ముఖంలోకి చూడకుండా పైకప్పు చూస్తున్నారు.

"ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు దొరకడం లేదు," అన్నారు ఉక్రోషంగా.

"దొరికాక చెబుదురుగాని, ముందు తీగలు మార్చండి. నాలుగో మంచానికి మనిషి వస్తున్నాడు," అంది పెద్ద నర్సు.

మాస్టారు గొణుక్కుంటూ మళ్ళీ బల్ల కిందికి దూరి, స్క్రూడ్రైవరు కోసం చెయ్యి వెనక్కి చాపారు. చేతిలోకి మూడు వచ్చాయి. ఒకటి చాలని కసిరి, మూడూ తీసుకున్నారు.